ఎకాలజీ చదివినవారికి కాలేజీ బయట కొలువు: పర్యావరణ కన్సల్టెన్సీ అంటే ఏమిటి?

హౌరా-చెన్నై రైలు మార్గంలో ఉత్తరాంధ్ర, ఒడిశా దాటాక బెంగాల్‌లో వచ్చే తొలి పెద్ద జంక్షన్ ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించింది. దాని వెనుక ఉన్నది ఈ ఊరి తెలుగువారి చిరకాల డిమాండే.

రైల్వే ఉద్యోగం, ఐఐటీ సీటు అంటే ఏమిటో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అదే ఇంట్లో ఒకరు బాటనీలోనో, జువాలజీలోనో, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లోనో ఎమ్మెస్సీ చేస్తే మాత్రం ‘తర్వాత ఏంటి?’ అన్న ప్రశ్న వస్తుంది. ఎక్కువ మందికి తెలిసిన జవాబు ఒక్కటే: నెట్ రాయాలి, పీహెచ్‌డీ చేయాలి, లెక్చరర్ కావాలి. ఖరగ్‌పూర్‌లోనే కాదు, విశాఖలోనైనా వరంగల్‌లోనైనా ఇదే మాట వినిపిస్తుంది.

రెండో జవాబు పర్యావరణ కన్సల్టెన్సీ. గని తవ్వాలన్నా, ఓడరేవు కట్టాలన్నా, ఉక్కు కర్మాగారం విస్తరించాలన్నా ఆ నేల మీద ఏ మొక్కలున్నాయి, ఏ జంతువులు తిరుగుతున్నాయి, నీరు ఎటు పారుతోంది అన్నది ముందుగా నివేదికలోకి ఎక్కాలి. అందులో జీవజాలం గురించిన అధ్యాయాన్ని రాసేది ఎకాలజిస్టు. ప్రాజెక్టుకు అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీ సభ్యుల్లో చాలామంది ఆ స్థలాన్ని కాగితం మీదే చూస్తారు. అందుకే ఆ అధ్యాయంలో ఉన్న మాటకూ, లేని మాటకూ కూడా అంత విలువ.

అధ్యాపక దారి లెక్క

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000, ఆ తర్వాత సీనియర్ ఫెలోగా రూ. 42,000 చొప్పున ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఫెలోషిప్ మొత్తం గడువు ఐదేళ్లు. ఎకాలజీలో ఒక జాతి సంతానోత్పత్తినో, ఒక అడవి పునరుద్ధరణనో గమనించాలంటే వరుసగా కొన్ని సీజన్లు కావాలి. ఒక వర్షాకాలం చేజారితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. దాంతో పరిశోధన గడువు దాటిపోవడం ఈ రంగంలో మామూలే.

అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్, సెట్ లేదా స్లెట్ కనీస అర్హత అనీ, పీహెచ్‌డీ తప్పనిసరి కాదనీ యూజీసీ 2023 జూలై నుంచి నిబంధన మార్చింది. అంతమాత్రాన పోటీ తగ్గలేదు. పోస్టులు నోటిఫై కావడం, కోర్టు కేసులు తేలడం, ఇంటర్వ్యూలు జరగడం అభ్యర్థి చేతిలో ఉండవు. ఈ నిరీక్షణలో ముప్పై ఏళ్లు దాటిన పరిశోధకులకు కన్సల్టెన్సీ ఒక ప్రత్యామ్నాయంగా కనిపిస్తుంది. దాన్ని ‘చదువు వృథా అయినవాళ్లు చేసే పని’గా చూసే ధోరణి విశ్వవిద్యాలయాల్లో ఉంది కానీ, ఆ పని ఏమిటో తెలిస్తే అలా అనిపించదు.

చట్టం పుట్టించిన వృత్తి

ప్రాజెక్టుకు ముందే దాని ప్రభావాన్ని అంచనా వేయాలన్న నియమం అమెరికాలో 1970 జనవరి 1న అమల్లోకి వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టంతో మొదలైంది. మన దేశంలో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1994 జనవరి 27న తొలి ఈఐఏ నోటిఫికేషన్ వచ్చింది. ఈఐఏ అంటే పర్యావరణ ప్రభావ అంచనా. ఇప్పుడు అమల్లో ఉన్నది ఆ స్థానంలో 2006 సెప్టెంబరు 14న వచ్చి, తర్వాత అనేక సవరణలు పొందిన నోటిఫికేషన్.

దీని ప్రకారం పెద్ద ప్రాజెక్టులు ‘ఎ’ కేటగిరీలో ఉంటాయి. వాటిని కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ సలహాతో పరిశీలిస్తుంది. ‘బి’ కేటగిరీవి రాష్ట్ర స్థాయి ప్రాధికార సంస్థ దగ్గరికి వెళ్తాయి. అధ్యయనంలో ఏయే అంశాలు ఉండాలో ముందుగా ఖరారు చేస్తారు. ముసాయిదా నివేదిక తయారయ్యాక ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. కలెక్టర్ లేదా అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహించాలి. నివేదిక సారాంశం ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి. ఆ తర్వాతే తుది మదింపు, అనుమతి.

నివేదికను ఎవరు పడితే వారు రాయడానికి వీల్లేదు. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు చెందిన నాబెట్ గుర్తింపు పొందిన సంస్థలే తయారు చేయాలి. 2007లో స్వచ్ఛందంగా మొదలైన ఈ గుర్తింపు తర్వాత తప్పనిసరి అయింది. నాబెట్ లెక్కలో నివేదికకు 12 నైపుణ్య విభాగాలున్నాయి: గాలి, నీరు, శబ్దం, భూగర్భ జలాలు, నేల, సామాజిక-ఆర్థిక స్థితి వంటివి. వాటిలో ఒకటి ‘ఎకాలజీ, జీవవైవిధ్యం’. ఎకాలజిస్టు కుర్చీ అక్కడ ఉంటుంది. అన్ని విభాగాలనూ కలిపి నడిపించే వ్యక్తిని ఈఐఏ కోఆర్డినేటర్ అంటారు.

క్షేత్రంలో ఏం చేస్తారు?

సాధారణంగా ప్రాజెక్టు స్థలాన్ని కోర్ జోన్‌గా, దాని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిని బఫర్ జోన్‌గా తీసుకుంటారు. చెట్లు, పొదలు, గడ్డి జాతులను లెక్కించడానికి కొలిచిన చదరాలు గీస్తారు. పక్షుల కోసం నిర్ణీత దారుల వెంట తెల్లవారుజామున నడుస్తారు. జంతువుల కోసం అడుగుజాడలు, పెంటికలు చూస్తారు, అవసరమైతే కెమెరాలు బిగిస్తారు. పశువుల కాపరులను, జాలరులను అడిగి తెలుసుకుంటారు. దొరికిన ప్రతి జాతినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లతో సరిపోల్చుతారు. 2022 సవరణతో ఈ షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి. మొదటి షెడ్యూలులోని జంతువు ఒక్కటి కనిపించినా దానికి ప్రత్యేక సంరక్షణ ప్రణాళిక, నిధుల కేటాయింపు చూపాలి. జాబితాలో ఒక పేరు చేరిందంటే కంపెనీకి ఖర్చు చేరినట్టే. ఒత్తిడి మొదలయ్యేదీ అక్కడే.

కాలం ఇంకో సమస్య. చాలా ప్రాజెక్టులకు వర్షాకాలం కాని ఒక సీజన్ సమాచారం సరిపోతుంది. గాలి నాణ్యత కొలవడానికి ఆ నియమం బాగానే ఉంటుంది. కప్పలు గుడ్లు పెట్టేది, అనేక గడ్డి జాతులు పూత పూసేది, ఎండిన గుంట చెరువుగా మారేది మాత్రం వానల్లోనే. మార్చిలో చూసినవారికి బీడులా కనిపించిన నేల ఆగస్టులో చిత్తడి నేల కావచ్చు. సీజన్ దాటి ఇంకోసారి వెళ్లాలని పట్టుబట్టడం, కుదరకపోతే ఏ నెలలో చూశారో, ఏం చూడలేకపోయారో నివేదికలో స్పష్టంగా రాయడం మంచి ఎకాలజిస్టు లక్షణం.

ఖరగ్‌పూర్ చుట్టూ కనిపించే పాఠాలు

ఈ వృత్తి ఎందుకు అవసరమో తెలియాలంటే ఖరగ్‌పూర్ పరిసరాలు చాలు. ఉత్తరాన కంసావతి నది, పశ్చిమాన ఝాడ్‌గ్రామ్ వైపు సాగే సాల అడవులు, పట్టణం అంచున ఇనుము, యంత్రాల కర్మాగారాలు. అదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని అరాబారిలో 1972లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ గ్రామస్థులతో కలిసి 1,272 హెక్టార్ల పాడుపడిన సాల అడవిని కాపాడే ప్రయోగం మొదలుపెట్టారు. 11 గ్రామాల్లోని 618 కుటుంబాలు అందులో భాగమయ్యాయి. దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్యానికి అది నమూనా అయింది. తిరిగి పెరిగిన అడవులు జార్ఖండ్‌లోని దల్మా నుంచి వచ్చే ఏనుగులకు దారి కల్పించాయి. 1980ల నుంచి ఆ గుంపులు దక్షిణ బెంగాల్‌లో ఎక్కువ దూరం, ఎక్కువ కాలం తిరగడం మొదలైంది.

ఆ దారిని ఖరగ్‌పూర్-టాటానగర్ రైలు మార్గం అడ్డంగా కోస్తుంది. 2025 జూలైలో ఝాడ్‌గ్రామ్ జిల్లా బాంస్‌తలా దగ్గర రైలు ఢీకొని ఒక పెద్ద ఏనుగు, రెండు పిల్ల ఏనుగులు చనిపోయాయి. ఏనుగులు ఎక్కడ, ఏ నెలల్లో, ఏ వేళల్లో పట్టాలు దాటుతాయో చెప్పగలిగితే అక్కడ వేగం తగ్గించవచ్చు, అండర్‌పాస్ కట్టవచ్చు, హెచ్చరిక వ్యవస్థ పెట్టవచ్చు. ఆ సమాచారం సేకరించడం ఎకాలజిస్టు చదువుకున్న పనే. పెంచ్ అడవి మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మహారాష్ట్ర భాగంలో జంతువుల కోసం తొమ్మిది కట్టడాలు నిర్మించారు. పులులు సహా అనేక జంతువులు వాటి కింద నుంచి దాటడం కెమెరాల్లో నమోదైంది.

రైల్వే ఊరివారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటుంది. 2006 నోటిఫికేషన్ షెడ్యూలులో రహదారులు, ఓడరేవులు, విమానాశ్రయాలు ఉన్నాయి. రైలు మార్గాలు లేవు. కొత్త లైనుకు అటవీ భూమి కావాలంటే అటవీ అనుమతి, అభయారణ్యం గుండా వెళ్తే జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం అనుమతి కావాలి కానీ, పూర్తిస్థాయి ఈఐఏ అక్కర్లేదు. ఆ మిగిలిన అనుమతులు ఎంత ముఖ్యమో కర్ణాటక-గోవా సరిహద్దు కేసు చూపింది. కాసిల్‌రాక్ మీదుగా పశ్చిమ కనుమల్లో తలపెట్టిన రెండో రైలు మార్గానికి వన్యప్రాణి మండలి ఇచ్చిన ఆమోదాన్ని సుప్రీంకోర్టు 2022 మేలో రద్దు చేసింది.

సోంపేటలో లెక్క తప్పితే

నివేదికలో నేలను ఏమని పిలిచారన్నది మనుషుల ప్రాణాల దాకా వెళ్తుందనడానికి తెలుగువారికి తెలిసిన ఉదాహరణ శ్రీకాకుళం జిల్లా సోంపేట. అక్కడ నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టిన నేలను ఊరివాళ్లు బీల అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం నీరు నిలిచే చిత్తడి అది. చుట్టుపక్కల పొలాలకు సాగునీరు, జాలరులకు చేపలు, పశువులకు మేత అక్కడి నుంచే. 2009 డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. నిరసన తెలుపుతున్న ప్రజలపై 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న వాస్తవమే వివాదానికి కేంద్రం.

ఎనిమిది నెలలు తిరక్కముందే, 2011 ఫిబ్రవరిలో అదే జిల్లాలోని కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం విషయంలో కాల్పులు జరిగాయి. అదీ తంపర నేలే. వలస కొంగలకు, పెలికాన్లకు పేరుపొందిన తేలినీలాపురం అక్కడికి దగ్గరే.

బీల, తంపర అన్న మాటలకు అర్థం ఆ జిల్లా రైతుకూ, జాలరికీ తెలుసు. పటంలో, రెవెన్యూ రికార్డులో ఆ నేల ‘ప్రభుత్వ భూమి’ లేదా ‘బంజరు’గా కనిపించవచ్చు. రికార్డు చెప్పేదానికీ నేల చెప్పేదానికీ మధ్య తేడాను మొదట పట్టుకోవలసింది క్షేత్రానికి వెళ్లిన ఎకాలజిస్టు. ఆ ఒక్క పేరా సరిగ్గా ఉంటే ప్రాజెక్టు స్థలం మారే అవకాశం అప్పుడే, ఎవరికీ దెబ్బ తగలక ముందే ఉంటుంది.

డబ్బు ఎవరిది?

ఈ వృత్తిలో అతి పెద్ద లోపం నిర్మాణంలోనే ఉంది. నివేదిక రాయించుకునేదీ, దానికి డబ్బు చెల్లించేదీ అనుమతి కోరే కంపెనీయే. 2011లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరామ్ రమేశ్ కూడా ఈ పద్ధతిని బహిరంగంగా విమర్శించారు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గనికి ఇచ్చిన నివేదికలో రష్యాలోని గని నివేదిక నుంచి ఎత్తి రాసిన భాగాలు బయటపడ్డాయి. కొంకణ తీరంలో మొలవని చెట్ల ప్రస్తావన అందులో ఉంది.

చట్టంలో రక్షణ లేకపోలేదు. ఉద్దేశపూర్వకంగా వాస్తవాలు దాచినా, తప్పుదారి పట్టించే సమాచారం ఇచ్చినా దరఖాస్తును తిరస్కరించవచ్చు, ఇచ్చిన అనుమతిని రద్దు చేయవచ్చు అని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. కన్సల్టెన్సీ సంస్థ గుర్తింపునూ నాబెట్ రద్దు చేయగలదు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2010 అక్టోబరులో ఏర్పడింది. అనుమతిని అక్కడ సవాలు చేసినప్పుడు ఎకాలజీ అధ్యాయాన్ని పంక్తి పంక్తికీ తరచి చూస్తారు.

ఉద్యోగిగా ఎకాలజిస్టు చేయగలిగేది పరిమితమే అయినా దానికి విలువ ఉంది. ప్రతి నమోదుకూ తేదీ, సమయం, జీపీఎస్ స్థానం, ఫొటో ఉండాలి. క్షేత్ర పుస్తకం అసలు ప్రతిని భద్రంగా ఉంచుకోవాలి. జాబితా నుంచి ఏదైనా తీసేయమంటే ఆ మాట రాతపూర్వకంగా అడగాలి. ఒప్పుకోలేని అధ్యాయం మీద సంతకం చేయకూడదు. ఉద్యోగంలో చేరేముందే ఆ సంస్థ రాసిన పాత నివేదికలు చదవాలి. 2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో అవి ఎవరికైనా అందుబాటులో ఉంటాయి. రెండు జిల్లాల నివేదికల్లో ఒకే పక్షుల జాబితా అదే వరుసలో కనిపిస్తే ఆ సంస్థ గురించి ఇంక ఎవరినీ అడగనక్కర్లేదు.

ఎలా ప్రవేశించాలి?

బాటనీ, జువాలజీ, ఎకాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, ఫారెస్ట్రీ, వైల్డ్‌లైఫ్ సైన్స్‌లలో పీజీ ప్రాథమిక అర్హత. పీహెచ్‌డీ ఉంటే మేలే కానీ షరతు కాదు. నాబెట్ గుర్తింపు సంస్థకు దక్కుతుంది. ఆ సంస్థ తరఫున నిపుణుడిగా ఆమోదం పొందాలంటే చదువుతో పాటు నిర్దిష్ట అనుభవం చూపాలి. అందుకే కొత్తవారు సీనియర్ నిపుణుడి కింద సహాయకులుగా మొదలుపెడతారు.

సంస్థలు మొదట చూసేది జాతుల గుర్తింపు. పరీక్షలో నూటికి తొంభై తెచ్చుకున్నవారు కూడా గడ్డి జాతులను, పిల్లి గద్దలను విడదీయలేక తడబడతారు. ఆ నేర్పు నడిస్తేనే వస్తుంది. తర్వాతివి జీఐఎస్, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, గణాంకాలు, చట్టాల పరిచయం, గడువులోపు శుభ్రంగా రాయగలగడం. ఖరగ్‌పూర్ విద్యార్థికి వీటిలో కొన్ని ఇంటి ముంగిటే ఉన్నాయి. మేదినీపూర్‌లోని విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రాలతో పాటు రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ చదువు ఉంది. ఐఐటీలో సముద్రాలు, నదులు, వాతావరణం, నేలపై పనిచేసే ప్రత్యేక కేంద్రం ఉంది. 1890లో ఏర్పడిన బొటానికల్ సర్వే, 1916లో ఏర్పడిన జూలాజికల్ సర్వే రెండింటి ప్రధాన కార్యాలయాలూ కోల్‌కతాలోనే. తెలుగు రాష్ట్రాల వారికి హైదరాబాద్‌లో 1992లో నెలకొల్పిన ఈపీటీఆర్‌ఐ శిక్షణ, అధ్యయనాలకు పేరున్న సంస్థ. కేంద్ర పర్యావరణ శాఖ హరిత నైపుణ్య కార్యక్రమం కింద స్వల్పకాలిక కోర్సులూ నడిచాయి.

ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలకు అప్రయత్నంగా వచ్చిన ఇంకో ఆస్తి భాషలు. ఇంట్లో తెలుగు, వీధిలో బంగ్లా, రైల్వే కాలనీలో హిందీ, కాలేజీలో ఇంగ్లిష్. ఊరివాళ్లు ఒక మొక్కను, ఒక చేపను, ఒక రకం నేలను ఏ పేరుతో పిలుస్తారో అడిగి అర్థం చేసుకోగలిగినవారికి పది కిలోమీటర్ల పరిధిలో సగం సమాచారం దొరికినట్టే. ప్రజాభిప్రాయ సేకరణలో రైతు చెప్పిన మాటను నివేదికలోకి చెడకుండా తీసుకురాగలిగేదీ వాళ్లే.

ఈఐఏ ఒక్కటే కాదు

తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ కింద అధ్యయనాలు, అటవీ భూమి బదలాయింపు నివేదికలు, గనులు మూసేశాక భూమి పునరుద్ధరణ, పంచాయతీల జీవవైవిధ్య రిజిస్టర్లు కూడా ఎకాలజిస్టులకు పని కల్పిస్తాయి. సౌర విద్యుత్ ప్రాజెక్టులకు మన చట్టం ఈఐఏ అడగదు. అయితే అంతర్జాతీయ సంస్థల నుంచి అప్పు తీసుకుంటే ప్రపంచ బ్యాంకు బృందంలోని ఐఎఫ్‌సీ 2012 నుంచి అమలు చేస్తున్న జీవవైవిధ్య ప్రమాణం వర్తించవచ్చు. కొన్నిసార్లు అది మన చట్టం కంటే కఠినంగా, ఎక్కువ సీజన్ల సర్వే కోరుతుంది. మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి సెబీకి పర్యావరణ, సామాజిక బాధ్యత నివేదిక ఇవ్వాలి.

విదేశాలకు వెళ్లాలనుకునేవారు అక్కడ ఈ వృత్తికి వేరే హోదా ఉందని గమనించాలి. బ్రిటన్‌లో ఎకాలజిస్టుల వృత్తి సంస్థకు 2013లో రాయల్ చార్టర్ దక్కింది. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద నిర్మాణాలు ఆ స్థలంలో జీవవైవిధ్యాన్ని ముందున్నదాని కంటే కనీసం 10 శాతం పెంచి చూపాలి. ఆ లెక్క కట్టేది ఎకాలజిస్టులే.

ఈ దారిలో వదులుకోవలసినవీ ఉన్నాయి. ప్రశ్నను ఎంచుకునే స్వేచ్ఛ తక్కువ. మూడు నెలల్లో తేల్చాల్సిన పనికి మూడేళ్ల లోతు రాదు. సేకరించిన సమాచారం సాధారణంగా క్లయింటు సొత్తు అవుతుంది కాబట్టి పరిశోధన పత్రాలు తగ్గుతాయి, తిరిగి విశ్వవిద్యాలయంలోకి రావడం కష్టమవుతుంది. ఆ తలుపు మూసుకోకూడదనుకునేవారు ఒప్పందంలోనే ప్రచురణ హక్కు గురించి అడగాలి. సెలవు రోజుల్లో సొంతంగా చేసిన పక్షుల, మొక్కల నమోదులను బహిరంగ డేటాబేస్‌లలో ఉంచాలి.

పరిశోధన పత్రం తప్పితే ఇంకో పత్రం దాన్ని సరిదిద్దుతుంది. ఈఐఏలో ఎకాలజీ అధ్యాయం తప్పితే దాన్ని సరిదిద్దే భారం కోర్టు మీదో, ఊరి మీదో పడుతుంది. అందుకే నేల మీద నడిచి, జాతుల పేర్లు తెలిసి, చూసింది చూసినట్టు రాయగల మనుషులు ఈ రంగంలోకి రావడం అవసరం. పీహెచ్‌డీ గైడ్ దొరకలేదని నిరాశపడుతున్న ఎమ్మెస్సీ విద్యార్థి మొదటి అడుగుగా ఈ వారం ఒక పని చేయవచ్చు. పరివేశ్‌లో తన సొంత జిల్లాకు చెందిన ఒక నివేదిక తెరిచి, జీవవైవిధ్య అధ్యాయంలోని జాబితా చేతపట్టుకుని ఆ నేల మీదికి వెళ్లాలి. అక్కడ కనిపించి, జాబితాలో లేనివన్నీ రాసుకోవాలి.